చూసిన, తప్పు లేదు

మీ ఆయన ఏం పని చేస్తాడని చుట్టాలెవరైనా అడిగితే రేణుకమ్మ దగ్గర రెండు జవాబులుండేవి. పెద్దవాళ్లు అడిగితే, బోధన్ దగ్గర చక్కెర మిల్లులో కంప్యూటర్లు చూసుకుంటాడని చెప్పేది. తన ఈడువాళ్లు అడిగితే, ముఖం తెలియని వాళ్లు రాసినదాంట్లో తప్పులు వెతుకుతాడని, దానికి జీతం కూడా లేదని చెప్పి నవ్వేది. రెండూ నిజమే. మొదటిదానితో ఆమె భర్త మార్కండేయకు ఇల్లు గడిచేది, రెండోదానితో పొద్దు గడిచేది.

నిజామాబాద్‌లో పద్మశాలీలుండే వాడలో వాళ్లది రెండు గదుల ఇల్లు. మగ్గం తాతతోనే పోయింది. తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉండి, కొడుకు పదో తరగతిలో ఉండగా కాలం చేశాడు. తల్లి దేవవ్వ పెళ్లయిన మరుసటేడు నుంచి బీడీలు చుడుతూనే ఉంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, వేళ్ల మధ్య దారం. ఆ చేతులే కొడుకును పాలిటెక్నిక్ గట్టెక్కించాయి. మార్కండేయ హైదరాబాదులో నాలుగేళ్లు ఒక కంపెనీలో చేశాడు. 2001లో ఆ కంపెనీ మూతబడింది. ఊరికి తిరిగొచ్చి, పాడైన కంప్యూటర్లు బాగుచేసుకుంటూ, ఆ వీధీ ఈ వీధీ తిరిగి, చివరకు ఆ మిల్లులో కుదురుకున్నాడు. రోజూ పొద్దున బోధన్ బస్సు, సాయంత్రం నిజామాబాద్ బస్సు.

ఇక ఆ జీతం లేని పని. కంప్యూటర్లను నడిపే లినక్స్ అనే ప్రోగ్రాం ఎవరి సొత్తూ కాదు. ప్రపంచంలో వేలమంది కలిసి రాస్తారు, కలిసి దిద్దుతారు. ఒకరు ఒక దిద్దుబాటు పంపితే, దాన్ని ప్యాచ్ అంటారు, మరొకరు దాన్ని ఒక్కో వరుసా చదివి, సరిగ్గా ఉంటే అడుగున తన పేరు పెట్టి 'నేను చూశాను' అని ఒక ముక్క రాయాలి. తర్వాత అందులో తప్పు బయటపడితే రాసినవాడితో పాటు చూసినవాడి పరువు కూడా బజారున పడుతుంది. చాలామంది ఆ ముక్కను పెళ్లిలో అక్షింతలు వేసినట్టు వేసేస్తారు. మార్కండేయ మాత్రం ఆ విషయంలో మహా పిసినారి. ఏడాదికి పది రాస్తే ఎక్కువ. అందుకే ఆయన రాస్తే మారు మాట్లాడకుండా నమ్మేవాళ్లు. నిజామాబాద్ ఎక్కడుందో వాళ్లకు తెలియదు, మార్కండేయ అన్న పేరు మాత్రం తెలుసు.

ఇంత పిసినారి మనిషి ఒక్కసారి తొందరపడ్డాడు. మనం చెప్పుకోవలసింది ఆ ఒక్కసారి గురించే.

2007 డిసెంబరు. చెరకు ఆడే క్రషింగ్ సీజన్ మంచి ఊపులో ఉంది. మిల్లు గేటు లోపల చెరకు తూచే కాటా ఉంటుంది. ట్రాక్టరు ఎక్కుతుంది, కంప్యూటర్ బరువు చదువుతుంది, చీటీ ఇస్తుంది, ట్రాక్టరు దిగుతుంది. ఆ ఏడు కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. నిమిషం, ఒక్కోసారి రెండు నిమిషాలు, మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. బయట వరుస రోడ్డెక్కింది. ఎడపల్లి నుంచీ రెంజల్ నుంచీ వచ్చిన రైతులు బండ్ల కింద తుండుగుడ్డలు పరుచుకుని పడుకున్నారు. చెరకు ఎండితే బరువు తగ్గుతుంది. ఆ తగ్గిన బరువుకు ఎవరు పూచీ అని కాటా గది ముందుకొచ్చి గద్దించారు. మేనేజరు బాపురావు ఆ గద్దింపును అలాగే తెచ్చి మార్కండేయ నెత్తిన పెట్టాడు.

కంప్యూటర్ ఎక్కడ చిక్కుకుంటోందో జాడ తీసే పరికరం ఒకటుంది. అది కూడా పదిమంది కలిసి రాసుకున్న ప్రోగ్రామే. లినక్స్‌కు గుండెలాంటి కెర్నెల్‌లోకి సెకనుకు వెయ్యిసార్లు తొంగిచూసి, ఇప్పుడు ఏ పనిలో ఉన్నావని అడుగుతుంది. ప్రతిసారీ దొరికే జవాబు ఒక అంకె, మెమరీలో ఫలానా చోట ఉన్నానని. ఉత్త అంకెను మనిషి ఏం చేసుకుంటాడు? అందుకని పేర్ల పట్టిక ఒకటి ఉంటుంది. ఫలానా అంకె దగ్గర ఫలానా పేరుగల పని మొదలవుతుంది అని. పరికరం ఆ పట్టికలో వెతికి, అంకె తీసేసి పేరు చూపిస్తుంది.

మార్కండేయ దాన్ని నడిపించాడు. నూటికి ఎనభైమూడు సార్లు ఒకే పేరు వచ్చింది. కాటా నుంచి బరువు చదివే చిన్న ప్రోగ్రాంలో చివరి పని పేరు అది. ఆ ప్రోగ్రాం రాసింది లింబాద్రి.

లింబాద్రిది బోధన్ దగ్గరి వర్ని. పాలిటెక్నిక్‌లో మార్కండేయకు ఆరేళ్లు జూనియర్. మితభాషి, చేతి పని శుభ్రం. అతన్ని మిల్లుకు తెచ్చిందీ, నా పూచీ అని బాపురావుకు చెప్పిందీ మార్కండేయే. అందుకేనేమో, పేరు చూడగానే ఆయనకు బాధకంటే ముందు కోపం వచ్చింది. నా పరువు తీశాడనుకున్నాడు. ముక్కూమొగం తెలియని వాళ్ల ప్యాచ్‌ను వారం రోజులు చదివే మనిషి, తాను తెచ్చిన పిల్లవాడి ప్రోగ్రాంను ఒక్కసారి తెరిచైనా చూడకుండా, ఆ కాగితం అచ్చుతీసి బాపురావు బల్ల మీద పెట్టాడు.

లింబాద్రిని పిలిపించారు. తన ప్రోగ్రాంలో అంత పనే లేదని, బరువు చదివి ఇవ్వడం తప్ప అది మరేమీ చేయదని అతను చెప్పుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని బాపురావు విసుక్కున్నాడు. లింబాద్రి మార్కండేయ వైపు చూశాడు. మార్కండేయ కాగితం వైపు చూశాడు. అంతే. ఆ పూటే లింబాద్రి గేటు పాసు తీసేసుకుని పంపేశారు. హైదరాబాదు నుంచి మరో కంపెనీ ప్రోగ్రాం తెప్పించారు. లింబాద్రిది పనికిరాదన్న మాట ఈ మిల్లు నుంచి ఆ మిల్లుకు పాకింది. చెరకు సీమలో మాట లారీకంటే ముందు చేరుతుంది. అతను వర్ని బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం పెట్టుకుని పెళ్లిపత్రికలు వేస్తున్నాడని మార్కండేయ చెవిన పడింది. విని ఊరుకున్నాడు.

కొత్త ప్రోగ్రాం వచ్చాక కూడా కాటా మధ్యమధ్య ఆగుతూనే ఉంది. కొత్తది కదా సర్దుకుంటుందన్నారు. సర్దుకునేలోపు సీజన్ అయిపోయింది, ఆ ముచ్చట మరుగున పడింది.

మళ్లీ 2008 నవంబరులో మిల్లు పొగగొట్టం పొగ కక్కింది. వారం తిరక్కముందే కాటా ఆగింది. మార్కండేయ మళ్లీ అదే పరికరం నడిపించాడు. ఈసారి ప్రింటర్ ప్రోగ్రాం పేరు వచ్చింది, నూటికి ఎనభై. ఆయన అది చదివి, పక్కనున్న బల్ల వైపు చూసి, మళ్లీ చదివాడు. ప్రింటర్ అక్కడ లేదు. రెండు రోజుల కిందటే బాగుచేయించడానికి నిజామాబాద్ పంపారు, చీటీలు చేత్తో రాస్తున్నారు. దాని ప్రోగ్రాం మెమరీలో ఉన్నమాట నిజమే కానీ దానికి చేయడానికి పనే లేదు. ఊళ్లో లేనివాడు గొడవ చేశాడంటే ఎవరు నమ్ముతారు?

ఆ రోజు ఆయన పేరును పక్కనపెట్టి అంకెను పట్టుకున్నాడు. ప్రింటర్ పని మొదలయ్యే చోటు నుంచి ఆ అంకె నలభైవేల మెమరీ గడుల దూరంలో ఉంది. ఆ పని మొత్తం పొడవు రెండు వందల గడులైనా లేదు. అంటే అంకె ప్రింటర్‌ది కానేకాదు. పేర్ల పట్టికలో ఎవరి పని ఎక్కడ మొదలవుతుందో ఉంది, ఎక్కడ ముగుస్తుందో లేదు. ప్రింటర్ తర్వాతి జాగాలో ఎవరిదో ఒక ప్రోగ్రాం ఉంది, దాని పేర్లన్నీ ఎవరో చెరిపేసి పంపారు. అక్కడి అంకె దొరికినప్పుడల్లా పరికరం పట్టిక తిరగేసి, దానికి ముందున్న ఆఖరి పేరును తగిలించేస్తోంది.

సొరుగులోంచి పాత కాగితం తీశాడు. అంచున చిన్న అక్షరాల్లో అంకెలున్నాయి. కూడి చూశాడు, తీసి చూశాడు. అక్కడా అదే కథ. ఆ ఏడు పేరు లేని జాగాకు ముందు ఇల్లు లింబాద్రిది, ఈ ఏడు ప్రింటర్‌ది. అంతకుమించి లింబాద్రి చేసిన నేరమేమీ లేదు.  ఆ మధ్యాహ్నం మార్కండేయ అన్నం డబ్బా విప్పలేదు, అలాగే ఇంటికి తీసుకెళ్లాడు.

పరికరంలో ఈ లోపం ఉందని, దాన్ని రాసేవాళ్లకు వివరంగా రాసి పంపాడు. నాలుగు రోజుల్లో పోలండ్ నుంచి మాగ్దా అనే అమ్మాయి దిద్దుబాటు పంపింది. ఆమె ఉపాయం తేలిక. దొరికిన అంకె వెనకున్న పేరుకు మరీ దూరంగా ఉంటే, ముందున్న పేరు దగ్గరేమో చూడు, ఏది దగ్గరైతే అది తగిలించు. పరికరం కొత్త విడుదలకు దిద్దుబాట్లు తీసుకోవడం శుక్రవారంతో ఆపేస్తారు, ఈలోపు చూసి మీ ముక్క రాయండి అని మర్యాదగా అడిగింది.

మార్కండేయకూ తొందర ఉంది. మిల్లు కంప్యూటర్లన్నీ మూడేళ్లకు ఒక హైదరాబాదు కంపెనీకి అప్పగించబోతున్నామని, శనివారం సంతకాలని బాపురావు చెప్పాడు. ఆ సంతకాలు పడితే లింబాద్రికి మిల్లు గేటు మళ్లీ తెరుచుకోదు, అతని మీద పడ్డ మచ్చ అలాగే ఉండిపోతుంది. శనివారంలోపు ఆ తప్పు లింబాద్రిది కాదని చూపించాలి.

బుధవారం మాగ్దా దిద్దుబాటు వేసి పరికరం నడిపించాడు. లింబాద్రి పేరు పోయింది, ప్రింటర్ పేరూ పోయింది. కాటా దగ్గర ట్రాక్టరు నంబరు ఫొటో తీసే కెమెరా ప్రోగ్రాం పేరొచ్చింది. పాత కాగితం అంకెలకూ అదే పేరు. మార్కండేయ అచ్చుతీశాడు. బాపురావుకు ఇది చాలు, ఇంతకంటే అతను అడగడు. 'నేను చూశాను' అన్న ముక్క సగం కొట్టాడు కూడా.

అలవాటనేది ఉంది చూశారూ, అది మంచికైనా చెడుకైనా చెయ్యి పట్టుకుంటుంది. ముక్క పూర్తిచేసే ముందు కెమెరా ప్రోగ్రాంను మెమరీలోంచి తీసేసి మరోసారి నడిపించాడు. కాటా ఎప్పటిలాగే ఆగింది. ఈసారి పరికరం ఇంకెవరి పేరో చూపించింది. దిద్దుబాటు దొంగను పట్టలేదు, దొంగసొత్తును ఒక గుమ్మం నుంచి తీసి పక్క గుమ్మంలో పెట్టింది. ఆ కెమెరా బిగించింది బోధన్‌లో చిన్న దుకాణం నడుపుకునే బాలనర్సయ్య. ఈ శనివారం బాపురావు బల్ల ముందు నిలబడేది అతను.

సగం కొట్టిన ముక్క చెరిపేసి, ఇది సరి కాదని మాగ్దాకు రాశాడు. ఆ అంకె ఎవరి గదిలోనూ పడకపోతే పేరు లేదని చెప్పడమే న్యాయమన్నాడు. ఆమె వెంటనే జవాబిచ్చింది. పేరు లేదని చెప్పే పరికరాన్ని ఎవరు వాడతారు, జనానికి ఏదో ఒక జవాబు కావాలి కదా, సుమారుగా చెప్పినా నష్టమేముంది అని. ఇంకో ఇద్దరు ఆమె వైపే మాట్లాడారు. మామూలుగా అయితే మార్కండేయ ఒక మెట్టు దిగేవాడు. పైగా ఆ దిద్దుబాటు ఒప్పుకుంటే లింబాద్రి బయటపడతాడు. ఒప్పుకోకపోతే ఆయన చేతిలో శనివారానికి మిగిలేది, ఎవరి పేరూ లేని ఒక కాగితం.

గురువారం మిల్లుకు పోలేదు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. దేవవ్వ గడప దగ్గర చాట పెట్టుకుని కూర్చుంది. ఆమెకు సొంతంగా బీడీ కార్డు వచ్చి ఇరవై నాలుగేళ్లయింది, అద్దాలు లేనిదే దారం కనబడదు, అయినా చేతులు ఊరుకోవు. కొడుకు వచ్చి పక్కన కూలబడితే, కరెంటుకు కోపమొచ్చిందా నీకొచ్చిందా అని అడిగింది. మార్కండేయ చెప్పాడు. పేర్ల పట్టిక, పేరు లేని జాగా, ముందున్నవాడి మీద పడే నింద, లింబాద్రి, అన్నీ. ఆమెకు అర్థమవుతుందని చెప్పలేదు, చెప్పుకోకపోతే ఊపిరాడక చెప్పాడు. కానీ బాపురావుకు గంట పట్టేది ఆమెకు బీడీ చుట్టినంత సేపట్లో అర్థమైంది.

"గిది మా కార్డు ముచ్చటే గద," అంది.

కార్డు సంగతి మార్కండేయకూ తెలుసు. బీడీ కంపెనీ అందరికీ కార్డులివ్వదు. కార్డు లేని ఆడవాళ్లు కార్డున్న వాళ్ల పేరు మీద చుట్టిపెడతారు. కార్ఖానా లెక్కలో చుట్టిన మనిషి ఉండదు, కార్డు మీది మనిషే ఉంటుంది. దేవవ్వ ఎనిమిదేళ్లు పక్కింటి ఈరవ్వ కార్డు మీద చుట్టింది. మార్కండేయకు తెలియనిది ఆమె ఇప్పుడు చెప్పింది, చేతులు ఆపకుండానే.

"నువ్వు సిన్నగున్నవు. నాకు జరమొచ్చి చేతులు వణికినయి, ముడులు వదులైనయి. కార్ఖానల బీడీలు సూసి తీస్కునే చెకరు కట్ట ఇప్పంగనే బీడీలు రాలినయి. కార్డు మీద పేరు సూసి ఈరవ్వను పిలిసిండు. అందరి ముంగట నానా మాటలన్నడు, పదైదు దినాలు కార్డు బందువెట్టిండు. ఆమె చేతి ముడి ఎట్లుంటదో వాడ వాడంత ఎరుకే. నేను ఎనకాల్నే నిలవడ్డ."

"నువ్వేమనలేదా అవ్వా?"

"ఏమంట? గవి నాయి అని అంటే ఇద్దరికీ పని పోతుండె. నోరు మూస్కొని నిలవడ్డ. ఈరవ్వ ఎనకకు మర్రి గూడ సూడలే. సూస్తే అందరు నా దిక్కు సూస్తరని."

దేవవ్వ బీడీ మూతి ముడిచి చాటలో పడేసింది. పొగాకు పొడి అంటుకుందో ఏమో, అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"బయట చెప్పకుంటే మానె, ఇంటికొచ్చినంకనన్న గవి నాయవ్వా, నన్ను మన్నించు అనాలె గద. రేపంట, ఎల్లుండంట అనుకుంట ఉన్న. ఆమె సచ్చిపోయి ఆరేండ్లాయె. నువ్వు తప్పువెట్టినాయిన బతికే ఉన్నడు గద, బిడ్డా?"

 మార్కండేయ తల్లి చేతులు చూస్తూ కూర్చున్నాడు. తాను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్న చేతులు, ఎనిమిదేళ్లు ఎవరి పట్టికలోనూ లేని చేతులు. కరెంటు వచ్చింది. లేచి లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం మాగ్దాకు ఆయన రాసిన ఉత్తరం పొడుగ్గా ఉంది. అందులో తన తల్లి గురించి రాయలేదు. లింబాద్రి గురించి రాశాడు. ఈ పరికరం సుమారుగా చెప్పిన ఒక పేరును నమ్మి నేనొక మనిషి పని తీయించాను, తప్పు పరికరానిది సగం, నాది సగం అని రాశాడు. పేరు లేదని చూపిస్తే వాడేవాడు ఇంకాస్త వెతుకుతాడు, పేరు చూపిస్తే వెతకడం మానేస్తాడు, నేను మానేసినట్టు. పక్కింటి పేరు చెప్పడం జవాబు కాదు. ఈ దిద్దుబాటు కింద నా పేరు పెట్టలేను. ప్రతి పేరుకూ ముగింపు కూడా రాసి పెట్టండి, ముగింపు దాటిన అంకెను అంకెగానే వదిలేయండి, దాన్ని పరీక్షించే పని నాది అన్నాడు. పేర్లు చెరిపేసిన ఒక ఉత్తుత్తి ప్రోగ్రాం రాసి, దానితో కెమెరా పేరు ఎలా వస్తుందో చూపించి జతచేశాడు.

ఒక రోజంతా చప్పుడు లేదు. శుక్రవారం సాయంత్రం మాగ్దా కొత్త దిద్దుబాటు పంపింది. పైన ఒకే వాక్యం. లింబాద్రి సంగతి చదివాక నిన్న ఏమీ రాయబుద్ధి కాలేదని. ఈసారి ప్రతి పేరుకూ మొదలూ చివరా ఉన్నాయి. మార్కండేయ ప్రతి వరుసా చదివాడు, నాలుగు రకాలుగా నడిపించాడు, ముగింపు దగ్గర ఒక గడి ఎక్కువ లెక్కపెట్టిందని చెప్పి దిద్దించాడు. అప్పుడు తన ముక్క రాశాడు. ఆ ఏడాదికి అది ఏడోది.

శనివారం పొద్దున మిల్లులో కొత్త దిద్దుబాటుతో నడిపించి, బాపురావు బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. పాతదాంట్లో లింబాద్రి పేరు, నూటికి ఎనభైమూడు. కొత్తదాంట్లో పేరుండవలసిన చోట పేరు లేదు, ఒక అంకె ఉంది. నిరుడు నేను చెప్పింది తప్పని, లింబాద్రి ప్రోగ్రాంలో ఏ దోషమూ లేదని, తెరిచి చూడకుండా నింద వేశానని నిలబడే చెప్పాడు. బాపురావు కాగితం అటూ ఇటూ తిప్పాడు. మరి దొంగెవరని అడిగాడు.

"పేరు తెల్వది సార్. జాగ తెల్సు."

"పేరు తెల్వనిది నాకెందుకయ్యా? నిరుడు గట్లంటివి, ఇయ్యాల గిట్లంటున్నవు. నిన్ను ఎట్ల నమ్మాలె?"

అది న్యాయమైన ప్రశ్నే. నమ్మవద్దని, దగ్గర కూర్చుని చూడమని మార్కండేయ అన్నాడు. తనను తీసేసినా సరే, లింబాద్రిది తప్పు కాదని మిల్లు తరఫున ఒక ముక్క రాసివ్వమని అడిగాడు. బాపురావు కాసేపు కిటికీలోంచి బండ్ల వరుస చూశాడు. కరకుగా మాట్లాడతాడు కానీ చెడ్డవాడేం కాదు. సంతకాలు పదిహేను రోజులు ఆపుతానన్నాడు. ఆ పిల్లవాణ్ణి తీసుకురా, ఇద్దరూ కలిసి ఆ జాగాలో ఏముందో తేల్చండి, తేల్చకపోతే ఇద్దరి పాసులూ ఇక్కడ పెట్టి పోండి అన్నాడు. ముక్క మాత్రం రాయలేదు.

"కాయితం వెట్టింది నువ్వు. నువ్వే రాసియ్యి."

మార్కండేయ వర్ని బస్సెక్కాడు. దారంతా కాలువ పక్కన కోసిన వరి మళ్లు. ఏం చెప్పాలో నాలుగుసార్లు అల్లుకున్నాడు, నాలుగుసార్లూ విప్పేశాడు. జిరాక్సు దుకాణంలో లింబాద్రి ఎవరిదో పెళ్లిపత్రిక కత్తిరిస్తున్నాడు. పదకొండు నెలల్లో మనిషి చిక్కాడు. కూర్చో అన్నా అని స్టూలు జరిపాడు, కోపంగా కాదు, గిరాకీకి జరిపినట్టు. అదే మార్కండేయకు ఎక్కువ గుచ్చుకుంది.

అల్లుకున్న మాటలేవీ నోటికి రాలేదు. కాగితాలు రెండూ బల్ల మీద పెట్టి, ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాడు. తప్పు నాది, తెరిచి చూడలేదు, నన్ను మన్నించమన్నాడు. లింబాద్రి కొత్త కాగితం మీద ఆ అంకెను వేలితో తడిమాడు.  తర్వాత వంగి, బల్ల కింది అరలోంచి దారంతో కట్టిన కాగితాల కట్ట ఒకటి తీశాడు. కాటా ప్రోగ్రాం, మొదటి నుంచి చివరి వరకు అచ్చుతీసినది. ప్రతి పేజీలో ఎర్ర పెన్సిల్ గీతలు, ప్రశ్నార్థకాలు, కొట్టివేతలు. అంచులు నలిగి మెత్తబడ్డాయి.

"నువ్వు 'చూసిన' అంటే తప్పుండదని నాకు ఎరుకే గదన్నా," అన్నాడు లింబాద్రి. "అందుకే పదకొండు నెల్లసంది నా తప్పు ఏడుందో దేవులాడుకున్న. దొర్కలే. దొర్కకుంటే నాకు చేతగాక దొర్కుతలేదనుకున్న."

మార్కండేయ కళ్లలో నీళ్లు తిరిగాయి. దుకాణమని కూడా చూసుకోలేదు. మిల్లు నుంచి గేటు పాసు తీసుకున్నారనే ఆయన ఇంతకాలం అనుకున్నాడు. తాను అతని దగ్గర తీసుకున్నది అంతకంటే పెద్దదని ఇప్పుడు తెలిసింది. బాపురావు ఇచ్చిన పదిహేను రోజుల సంగతి, ఇద్దరం కలిసి ఆ జాగా వెతుకుదామన్న సంగతి చెప్పాడు. లింబాద్రి విన్నాడు. వస్తాననలేదు, రాననలేదు. కట్టను ముందుకు తోశాడు.

"ముందుగాల గిది సూడు. అప్పుడు సూడకపోతివి గద."

మార్కండేయ దారం విప్పాడు. పోలండ్ అమ్మాయిది చదివినట్టే చదివాడు, ఒక్క వరుస వదలకుండా. మధ్యలో గిరాకీ వచ్చింది, పోయింది. లింబాద్రి చాయ్ తెప్పించాడు, అది చల్లారింది. పదమూడో పేజీలో లింబాద్రి తాను మొదట రాసిన నాలుగు వరుసలు ఎర్రగా కొట్టేసి, అంచున వేరేలా రాసుకున్నాడు. మార్కండేయ అక్కడ ఆగాడు. రెండూ పోల్చి చూశాడు. అంచున రాసింది కొట్టేసి, ఎర్ర గీత కింద ఉన్నదాని చుట్టూ సున్నా చుట్టి, నువ్వు ముందు రాసిందే ఒప్పు అన్నాడు. ఇలాంటివి ఇంకో ఐదు చోట్ల దొరికాయి. ఐదింటిలోనూ మొదట రాసిందే ఒప్పు. లింబాద్రి కత్తెర పక్కనపెట్టి ఆయన భుజం మీదుగా చూడసాగాడు.

ఎండ దుకాణం మెట్లు దిగేసరికి చివరి పేజీ అయింది. మార్కండేయ లింబాద్రి జేబులోని కలం అడిగి తీసుకుని, అడుగున తారీఖు వేసి తెలుగులో రాశాడు.

చూసిన. తప్పు లేదు. మార్కండేయ.

లింబాద్రి ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకుని చదివాడు. జిరాక్సు మిషన్ మూత ఎత్తి, దాన్ని అద్దం మీద బోర్లా పరిచి, ఒక కాపీ తీశాడు. కాపీ మార్కండేయకు ఇచ్చాడు, అసలుది మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత షట్టరు దించడానికి లేచి, బోధన్‌కు ఆఖరి బస్సు ఎన్నింటికని అడిగాడు.